పసుపు మాటలు, నీలం మాటలు

3, సోమవారం

ఈరోజు ఆఫీసులో నా మెడలో ఒక ఇంగ్లీషు మాట వేలాడదీశారు. ఇంటికి వచ్చేదాకా తియ్యడం మర్చిపోయాను. బస్సులో పక్కనున్నావిడ దాన్ని చదివి కొంచెం జరిగి కూర్చుంది.

పొద్దున్నే ఓనరుగారు అందరినీ ప్యాకింగ్ హాల్లో నిలబెట్టారు. పక్కన టై కట్టుకున్న మాస్టారు ఒకాయన. ఓనరుగారు పోయిన వారం ఏదో పెద్ద హోటల్లో సెమినార్‌కి వెళ్లొచ్చారు. కంపెనీలు మూతపడేది సరుకు బాగాలేక కాదట, సిబ్బంది నోరు విప్పకపోవడం వల్లట. "మీరంతా బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటున్నారు. ఇవాళ్టి నుంచి స్పీకప్!" అన్నారు.

వెనక వరసవాళ్లు ఇంకాస్త వెనక్కి జరిగారు.

మాస్టారు బల్ల మీద అట్టముక్కలు పరిచారు. ఒక్కోదాని మీద ఒక ఇంగ్లీషు మాట, కింద తెలుగులో అర్థం. పసుపు అట్టల మీద నోరు విప్పే మాటలు: ఆబ్జెక్ట్, డిమాండ్, ఇన్సిస్ట్, అనౌన్స్, బ్లర్ట్. నీలం అట్టల మీద వాటి వ్యతిరేకాలు: మర్మర్, మంబుల్, హష్, విత్‌హోల్డ్, సైలెన్స్. నీలంవి ఊరికే చూపించడానికి తెచ్చాననీ, అవి మనం వదిలెయ్యాల్సిన అలవాట్లనీ, పసుపువి తలొకటి పంచుతాననీ మాస్టారు చెప్పుకుపోతున్నారు. ఓనరుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అదేంటి మాస్టారూ! అన్నీ ఒకే పక్క వేస్తే ఎలా? మనది తక్కెళ్ల కంపెనీ. ఆ పళ్ళెంలో ఎన్నో, ఈ పళ్ళెంలోనూ అన్నే ఉండాలి."

మాస్టారు ఏదో అనబోయారు. ఫీజు ఇచ్చేదెవరో గుర్తొచ్చినట్టుంది, గుటక మింగారు. స్పీకప్ నేర్పడానికి వచ్చిన మనిషి మా ఓనరుగారి ముందు మొదటి గంటలోనే నీలం పళ్ళెంలోకి దిగిపోయారు.

అలా సగం మందికి పసుపు, సగం మందికి నీలం. ఎవరి మాట వాళ్ల డ్యూటీ. పక్కవాళ్ల మాట ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తూకం చెడుతుంది. వాచ్‌మన్‌కి అనౌన్స్ వచ్చింది. ప్యాకింగ్‌లో ఉండే నోటిదూల ఆయనకి బ్లర్ట్, అంటే మనసులోకి వచ్చింది వచ్చినట్టు కక్కెయ్యడం. స్టోర్‌కీపర్‌కి విత్‌హోల్డ్, అంటే తెలిసింది బయటపెట్టకపోవడం. టెలిఫోన్ అమ్మాయికి సైలెన్స్. ఫోన్ మోగితే ఎత్తుతుంది, అవతలివాళ్లు హలో హలో అని అలిసిపోయాక పెట్టేస్తుంది.

ఆబ్జెక్ట్ ఎవరికి వచ్చిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. కిటికీ దొరకి.

నాకు మర్మర్. గొణగడం. డెస్పాచ్‌లో ఎన్నో ఏళ్లుగా ఈవిడ చేస్తున్న పని అదే కదా అని అందరూ నవ్వారు. వెనకాల నన్ను మెల్లమ్మ అంటారని తెలుసు. ఈరోజు ముందే అన్నారు.

4, మంగళవారం

కిటికీ దొర అంటే మా అకౌంటెంటు. ఆయన కూర్చునే సీటు నాది. పక్కనే కిటికీ, పైన ఫ్యాన్. నేను కడుపులో ఆపరేషన్ అయ్యి సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి అందులో ఆయన ఉన్నాడు. నా టేబుల్ తలుపు దగ్గర ఉంది. "మీకు డెస్పాచ్ కదమ్మా, తలుపు దగ్గరైతే లారీలు కనిపిస్తాయి, సౌకర్యం" అన్నాడు. "అవునండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

ఈరోజు బిల్లు ఇవ్వడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. టేబుల్ మీద సన్నటి తెల్లపొడి. తల ఎత్తి చూశాను. ఫ్యాన్ హుక్కు దగ్గర మొదలైన పగులు గోడ దాకా పాకింది. ఆ పైకప్పు మీదే మా అటక. షాపులవాళ్లంతా ఎలక్ట్రానిక్ కాటాలకు మారిపోయి తిరిగి పంపేసిన పాత ఇనప తూకపురాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. పాత ఇనుముకి అమ్మెయ్యమంటే ఓనరుగారి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అవి వాళ్ల నాన్నగారు పోత పోయించినవి.

ఈ దుమ్మేంటండీ అన్నాను. ఆయన ఉఫ్‌మని పొడి ఊదేశాడు. "మాస్టారి చాక్‌పీసు పొడి. రేపు ఆబ్జెక్ట్ చెయ్యాలి" అన్నాడు.

5, బుధవారం

పగులుతో నాకేం పని? ఆ సీటు నాది కాదు.

6, గురువారం

క్లాసు. మర్మర్, మటర్, మంబుల్ మూడూ ఒకటి కాదని మాస్టారు బోర్డు నిండా రాశారు. ఇందులో చెప్పడానికేముంది? మర్మర్ అంటే గొణగడం, ఎవరి చెవినా పడకూడదని అనుకుంటూనే అనడం. మటర్ అంటే సణగడం, పడీపడనట్టు అనడం, అది మావారి విద్య. మంబుల్ అంటే నసగడం, జవాబు లేనప్పుడు చేసేది. ఇవి కాక మనకు నీళ్లు నమలడం ఒకటుంది. దానికి ఇంగ్లీషులో ఏమంటారో అడుగుదామనుకున్నాను. నీళ్లు నమిలి ఊరుకున్నాను.

పసుపు మాటలు మాత్రం నాకు వింతగా ఉన్నాయి. ఆబ్జెక్ట్ అంటే చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, మర్యాదగా వద్దనడమట. మనకి అంత తీరిక ఎక్కడిది? "ఊరుకోవయ్యా" అంటాం. అదీ అనగలిగినవాళ్లు.

తర్వాత పరీక్ష పెట్టారు. ఏదైనా ఒక వాక్యం మర్మర్ చెయ్యమన్నారు. నేను లేచి నిలబడి, "మాస్టారూ, అకౌంటెంటుగారి నెత్తిమీద పైకప్పు పగిలింది, దయచేసి ఎవరికైనా చెప్పండి" అన్నాను.

"వండర్‌ఫుల్! ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నారు మాస్టారు.

పదికి పది వేశారు. బడిలో కూడా నాకెప్పుడూ ఇన్ని రాలేదు.

7, శుక్రవారం

నేరుగా ఆయనకే చెప్పేశాను. ఎందుకొచ్చిన పాపం.

"అకౌంటెంటుగారూ, పైన చూశారా?"

"చూశాను."

"ఆ పగులు..."

"చూడమ్మా, ఆపరేషన్ నుంచి వచ్చినప్పట్నించీ ఈ కుర్చీ మీద మీ కన్నుందని నాకు తెలుసు. మొన్న దుమ్మన్నారు. ఇవాళ పగులంటున్నారు. రేపు పామంటారు. ఐ ఆబ్జెక్ట్." అంటూ మెడలోని పసుపు అట్ట తీసి పోలీసు బ్యాడ్జీలా నా మొహం ముందు పెట్టాడు.

సరేనండీ అని వచ్చేశాను. ఒక్కటి మాత్రం ఇక్కడ రాసుకోవాలి. నాకు ఆ సీటు అక్కర్లేదు. ఆ కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి ఎడమ చేతి మీద పడుతుంది, అంతే. పక్క మేడ మీద పావురాలు కనిపిస్తాయి, అంతే. నాకు అక్కర్లేదు.

10, సోమవారం

అటక మీద దడదడమని చప్పుడు. ఇంకో లారీ తూకపురాళ్లు తిరిగొచ్చాయి. నా టేబుల్ తలుపు దగ్గర కాబట్టి లారీ బాగానే కనిపించింది, కిటికీ దొర చెప్పిన సౌకర్యం ఇదే కాబోలు. స్టోర్‌కీపర్ బస్తాలు మోయించి అటక ఎక్కిస్తున్నాడు. మెట్ల దగ్గర ఆపి అడిగాను.

"పైన మొత్తం ఎంత బరువుంటుందన్నా?"

అతను నీలం అట్ట పైకెత్తి చూపించాడు. విత్‌హోల్డ్.

"నాకొక్కదానికే చెప్పు."

"చెప్పకూడదమ్మా. నిన్న మా ఆవిడ కూర బాగుందా అంటే కూడా చెప్పలేదు. అలవాటు తప్పితే కష్టం."

లోకంలో ఉన్న అన్ని షాపులకీ తూకం చెప్పిన కంపెనీ మాది. మా నెత్తిమీద ఎంతుందో తూచినవాడు ఒక్కడూ లేడు.

11, మంగళవారం

మావారిది మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే షాపు. అన్నం దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను, ఫ్యాన్ హుక్కు దగ్గర పగులొస్తే ఏమవుతుందని.

"ఫ్యాన్ ఆపి, కింద ఉన్నవాళ్లని లేపెయ్యాలి" అన్నారు. "ఎవరింట్లో?"

"ఎవరో."

"వాళ్లకి చెప్పు మరి."

చెప్పు మరి అట. ఎంత తేలిగ్గా అంటారో! ఈయన మాత్రం వాళ్లమ్మతో మాట్లాడాల్సి వస్తే నన్నే పంపిస్తారు. మా అత్తయ్యకి చెవుడు. చెవి మిషన్ కొనిస్తే బీరువాలో పెట్టి తాళం వేసుకుంది, అది పెట్టుకుంటే ఊరి గోలంతా వినపడుతోందట, తనకి కావల్సింది తప్ప. అందుకని ఇంట్లో నేను మాట్లాడితే వీధి చివరిదాకా వెళుతుంది. పాలబ్బాయికి కూడా మా ఇంట్లో ఎవరికి అజీర్ణమో తెలుసు.

అత్తయ్యకి సంగతంతా అరిచి చెప్పాను. పగులు, కిటికీ దొర, మెడలో అట్ట, అన్నీ. ఆవిడ శ్రద్ధగా విని, "మీ ఆఫీసులో అందరికీ చెవుడా?" అంది.

"లేదత్తయ్యా! అందరివీ పాము చెవులే!"

"మరి నాకు చెప్పినట్టు వాళ్లకి చెప్పలేవా?"

"అక్కడ అలా అరిస్తే బాగోదత్తయ్యా!"

"ఏమిటీ? గట్టిగా చెప్పు."

మళ్లీ చెప్పలేదు.

12, బుధవారం

పసుపు వాళ్ల ద్వారా వెళ్లడమే పద్ధతి. నా మాట నేను దాటకూడదు కదా. ముందుగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను. అతనికి అనౌన్స్ వచ్చినప్పటి నుంచీ గేటు దగ్గర ఒకటే హడావిడి. "పోస్ట్‌మన్ వచ్చాడండీ! పిల్లి వచ్చిందండీ! అదే పిల్లి మళ్లీ వచ్చిందండీ!"

"అకౌంట్స్ గదిలో పైకప్పు కూలేట్టుంది. అందరికీ అనౌన్స్ చెయ్యవా?" అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. మంచివాడు, పని అంటే భయభక్తులున్నవాడు.

"నా డ్యూటీ వచ్చినవాళ్లని చెప్పడం మేడం. పైకప్పు ఇంకా రాలేదు కదా. వచ్చాక చెబుతా."

13, గురువారం

బుద్ధి గడ్డితిని నోటిదూల ఆయనకి చెప్పాను. బ్లర్ట్ అంటే కక్కెయ్యడమే కదా, నా పని చిటికెలో అయిపోతుందనుకున్నాను. టీ వేళకి హాలు మధ్యలో నిలబడి కక్కేశాడు. నేను చెప్పింది కాదు, తన మనసులో ఉన్నది.

"మెల్లమ్మకి కిటికీ సీటు కావాలట! పైకప్పు కూలుతుందని వంక పెడుతోంది!"

హాలంతా నా వైపు తిరిగింది. అకౌంట్స్ గదిలో కిటికీ దొర కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు కూర్చున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా విషయంలో ఇంకొకడి పెదవి దాటి దాటింది. సాయంత్రం దాకా లారీలు చూస్తూ కూర్చున్నాను.

14, శుక్రవారం

ఓనరుగారు పిలిచారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోతోంది. మాస్టారు పక్కనే కూర్చుని టై సవరించుకుంటున్నారు.

"చూశారా మాస్టారూ, మెల్లమ్మ... అదే, ఈ అమ్మాయి, నోరు తెరిచి సీటు అడిగింది! ఇన్నేళ్లలో ఏమీ అడగని మనిషి! స్పీకప్ పనిచేసింది!"

"సార్, సీటు కాదు సార్, పైకప్పు సార్..."

"ఆ వినయం చూడండి. మర్మర్ డ్యూటీ కూడా వదల్లేదు."

కిటికీ దొరని పిలిపించారు. అతను లోపలికి రాకముందే గుమ్మంలోంచి "ఐ ఆబ్జెక్ట్" అన్నాడు.

"శభాష్" అన్నారు ఓనరుగారు. "ఆబ్జెక్ట్ చెయ్యడం నీ డ్యూటీ, చేశావు. చాలా సంతోషం. సోమవారం నుంచి కిటికీ సీటు ఆవిడది. నువ్వు తలుపు దగ్గరికి వెళ్లు."

నేను థాంక్స్ చెప్పాను. పైకప్పు గురించి చెప్పడానికే నోరు తెరిచాను, థాంక్స్ బయటికి వచ్చింది.

17, సోమవారం

కూర్చున్నాను.

ఎండ వచ్చి ఎడమ చేతి మీద పడింది. పక్క మేడ మీద పావురాలు లావయ్యాయి. ఈ చల్లగాలికి బిల్లులు ఎగిరిపోకుండా ఒక పాత తూకపురాయి కూడా తెచ్చి పెట్టుకున్నాను. తలుపు దగ్గర కిటికీ దొర మొహం మాడ్చుకుని కూర్చున్నాడు, లారీ పొగ లోపలికి వచ్చినప్పుడల్లా దగ్గుతున్నాడు. ఇంత సంతోషం నాకెప్పుడు కలిగిందో గుర్తులేదు. పెళ్లినాడు కూడా ఇంత లేదు.

పగులు చూశాను. పక్కనుంచి చూస్తే పెద్దదిగా కనబడుతుంది కానీ సరిగ్గా కింద కూర్చుని చూస్తే అంత లేదు. పాత బిల్డింగన్నాక పగుళ్లు లేకుండా ఉంటాయా? కుర్చీ మాత్రం గోడవైపుకి బాగా జరుపుకున్నాను. గాలి కోసం.

18, మంగళవారం

పగులు చిన్నదవుతోంది.

19, బుధవారం

మధ్యాహ్నం వెనక వరండాలో టెలిఫోన్ అమ్మాయితో కలిసి తింటాను. ఆ పిల్ల సైలెన్స్ కాబట్టి మా ఇద్దరి మధ్య ఏ గొడవా ఉండదు. తిరిగొచ్చేసరికి నా టేబుల్ మీద రొట్టె పొడి. కుర్చీ మళ్లీ ఫ్యాన్ కిందికి వచ్చి ఉంది.

కిటికీ దొర పని. నేను లేని టైములో వచ్చి ఇక్కడ కూర్చుని తింటున్నాడు. తలుపు దగ్గర కూర్చుని ఏమీ ఎరగనట్టు పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. మీసం మీద మాత్రం రొట్టె పొడి అలాగే ఉంది.

అడగలేదు. తింటే తిన్నాడు, పాపం, అరగంటే కదా.

20, గురువారం

ఈరోజు కూడా పొడి. ఇది రొట్టెది కాదు, తెల్లటిది. తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ గది ఖాళీ చేయిస్తారు.

ఇంట్లో అత్తయ్య, "ఏమిటే, ఈ మధ్య నీ నోరు కదులుతోంది కానీ మాట రావడం లేదు?" అంది. అలిసిపోయానని చెప్పాను. ఆవిడకి వినపడలేదు. మావారికి కూడా వినపడలేదట. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

21, శుక్రవారం

అరగంటలో ఏమవుతుంది?

24, సోమవారం

అక్షరాలు నావిలా లేవు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం వరండాలో డబ్బా తెరిచాక చూస్తే చెంచా లేదు. టేబుల్ సొరుగులో మర్చిపోయాను. వెనక్కి వచ్చాను. కరెంటు పోయి ఉంది. అటక మీద బస్తాలు దించుతున్న చప్పుడు. నా కుర్చీలో కిటికీ దొర, ఒళ్లో డబ్బా, కళ్లు మూసుకుని, మొహం ఎండకి పెట్టి. అంత హాయిగా ఉన్న మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆ సీటులో నా మొహం కూడా అలాగే ఉండేదేమో.

కరెంటు లేదు. ఫ్యాన్ ఊగుతోంది.

మొదట నా నోట్లోంచి వచ్చింది మర్మర్. "అకౌంటెంటుగారూ, ఒక్కసారి ఇలా..." కళ్లు తెరవకుండానే "ఐ ఆబ్జెక్ట్. లంచ్ టైము" అన్నాడు. ఇంకోసారి అన్నాను, ఇంకా మర్యాదగా, ఇంకా మెల్లగా. చెయ్యి ఊపాడు, ఈగని తోలినట్టు. ఫ్యాన్ చుట్టూ పెచ్చు ఒకటి లేచింది.

అప్పుడు వచ్చింది ఇంటి గొంతు. అత్తయ్యకి స్నానాల గదిలోంచి పిలిస్తే వినపడే గొంతు.

"లేవరా! లే! లేవరా వెధవా!"

అతను లేచాడు. ప్రాణభయంతో కాదు. కోపంతో. డబ్బా టేబుల్ మీద కొట్టి, వేలు చూపిస్తూ నా మీదికి వచ్చాడు. "ఎవర్ని పట్టుకుని రా అంటున్నావ్? ఎవర్ని? ఇన్నేళ్ల సర్వీసులో నన్నొకరు రా..." అంటూ గది సగం దాటి నా ముక్కు దాకా వచ్చాడు. అతని వెనకాల ఫ్యాన్, పైకప్పు, ఓనరుగారి నాన్నగారు పోత పోయించిన తూకపురాళ్లన్నీ కలిసి కిందికి దిగాయి. కుర్చీ కనిపించలేదు. టేబుల్ కనిపించలేదు. కిటికీ మాత్రం ఉంది.

దుమ్ములోంచి అతని మాట పూర్తయింది. "...అనలేదు."

గుమ్మంలోకి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. లోపలికి చూశాడు, నిటారుగా నిలబడ్డాడు.

"పైకప్పు వచ్చిందండీ!"

పైన బొక్కలోంచి స్టోర్‌కీపర్ తల కిందికి వచ్చింది. దెబ్బలేం తగల్లేదు, దూలం మీద కూర్చున్నాడు. ఓనరుగారు కింద నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ఎంత బరువు పెట్టావయ్యా పైన?" అని అరిచారు.

అతను మెడలో తడుముకుని అట్ట చూపించాడు.

నేను వరండాలోకి వెళ్లి గోడకానుకుని ఏడ్చాను. టెలిఫోన్ అమ్మాయి వచ్చి, నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడవకండి అక్కా" అంది. అది ఆ పిల్ల డ్యూటీ కాదు.

రాత్రి

పగులు చిన్నదైందని రాశాను కదా. కాలేదు. రోజూ పెరిగింది. నాకు తెలుసు. ఎండ నా చేతి మీద పడుతోందని ఊరుకున్నాను. అతను మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటున్నాడనీ తెలుసు. చెంచా సొరుగులో మర్చిపోకపోతే ఈపాటికి అతని ఇంట్లో ఏడుపులు. ఇది ఎవరికీ చెప్పలేను. దీన్ని మాత్రం ఏ పళ్ళెంలో వెయ్యాలో మాస్టారిని అడగను.

అత్తయ్యకి జరిగింది మాత్రం చెప్పాను. గొంతు పూర్తిగా పోయింది, అయినా ఆవిడ నా పెదాలు చూసి అంతా పట్టేసింది. "నా కోసం పెంచుకున్న గొంతు కదే అది, ఆఫీసుకి తీసుకుపోయావా?" అంది. తర్వాత మిరియాలు వేసి పాలు కాచి ఇచ్చింది.

25, మంగళవారం

విచారణ. హాల్లో అందరూ నిలబడ్డారు. పైకప్పు ఎందుకు కూలిందన్న మాట ఎవరూ ఎత్తలేదు. కిటికీ దొర చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, మాస్టారు నేర్పినట్టే అన్నాడు.

"ఐ ఆబ్జెక్ట్. ఈవిడ నన్ను రా అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది."

ఓనరుగారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు అట్టలన్నీ తిరగేశారు, పసుపూ, నీలమూ. నేను అన్నది ఏ అట్ట మీదా లేదట. డిమాండ్ కాదు, ప్లీజ్ లేదు కాబట్టి రిక్వెస్ట్ కాదు, అనౌన్స్ వాచ్‌మన్‌ది.

"ఏదైతేనేం, పసుపు పక్క ఒకటి ఎక్కువైంది" అన్నారు ఓనరుగారు దిగులుగా. "తూకం చెడిపోయింది. ఈవిడ రేపు అందరి ముందూ క్షమాపణ చెబితే నీలం పక్క ఒకటి పడుతుంది. సరిపోతుంది. గొంతు కూడా బాగాలేదు కదమ్మా, మెల్లగా చెప్పు, చాలు."

ఈ మనిషికి నిన్న పోయిన ప్రాణం తిరిగొచ్చిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ మనిషికి కూడా.

26, బుధవారం

పాలూ మిరియాలూ పనిచేశాయి.

హాల్లో నిలబెట్టారు. మాస్టారు కొత్తగా ఒక నీలం అట్ట రాసి పట్టుకున్నారు: అపాలజైజ్. నేను మెడలోంచి మర్మర్ తీసి ప్యాకింగ్ బల్ల మీద పెట్టాను. అది అక్కర్లేదనిపించింది. అపాలజైజ్ కూడా తీసుకోలేదు.

"అకౌంటెంటుగారూ" అన్నాను. గేటు దగ్గరున్న వాచ్‌మన్ ఉలిక్కిపడి, ఎవరొచ్చారా అని అటూ ఇటూ చూశాడు. "నిన్ను రా అన్నందుకు, అదే, మిమ్మల్ని రా అన్నందుకు క్షమించండి. మీ వయసుకి అనకూడదు. వెధవా అన్నది మాత్రం ఉంచుకోండి. ఓనరుగారూ, మిగిలిన అటక కింద ప్యాకింగ్ వాళ్లు ఆరుగురు కూర్చుంటున్నారు. ఆ రాళ్లు ఇవాళ దించెయ్యాలి. రేపు కాదు, ఇవాళ. అవి దిగేదాకా నేను ఒక్క పార్సెల్ కూడా పంపించను."

స్టోర్‌కీపర్ తన మెడలోని అట్ట వైపు ఓసారి చూసుకుని, దాన్ని చొక్కాలోకి తోసేసుకుని, పైన ఇంకా ఎంతుందో చెప్పేశాడు. ఓనరుగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది. సాయంత్రం దాకా రాళ్లు దిగుతూనే ఉన్నాయి.

నేను వెళ్లబోతుంటే కిటికీ దొర గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి ఇప్పుడు కిటికీ లేదు, దొరా కాదు, ఏమని రాయాలో. జుట్టులో ఇంకా తెల్లపొడి ఉంది. మెడలో పసుపు అట్ట లేదు. గొంతు సవరించుకున్నాడు. చెప్పులవైపు చూశాడు. నీళ్లు నమిలాడు. ఆ విద్యలో నా అంత వాణ్ణి ఇన్నేళ్లు ఎలా పోల్చుకోలేకపోయానో. చివరికి పెదాలు కదిలాయి, ఏదో గొణిగాడు.

నాకు వినపడింది. థాంక్సూ, సారీ, రెండు మాటలూ వినపడ్డాయి. అయినా మా అత్తయ్యలాగే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ? గట్టిగా చెప్పు నాయనా" అన్నాను.

రెండోసారి చెప్పాడు. లారీ డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.